పర్లాకిమిడి ఎర్ర అట్ట చిట్టా పుస్తకం: ఏడాది వాడాక నా మాట

ఇది ఫోనూ కాదు, మిక్సీ కూడా కాదు. మా ఊరు పర్లాకిమిడి పాత బజారులో ఒక పుస్తకాల కొట్లో 180 రూపాయలకి కొన్న జమాఖర్చుల పుస్తకం. ఎర్ర గుడ్డ అంటించిన గట్టి అట్ట, పొడుగు సైజు, 200 పేజీలు, ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. కిరాణా కొట్లవాళ్ళు, బియ్యం వ్యాపారులు రోజువారీ చిట్టా రాసుకోడానికి తీసుకెళ్ళే రకం. మేం ఇంటికి తెచ్చుకున్నాం. కిందటేడు ఉగాది నుంచి మొన్నటి ఉగాది వరకు ఒక్క నెల కూడా వదలకుండా రాశాం. పుస్తకంగా దానికి లోపాలున్నాయి, అవీ చెబుతాను. కానీ నాకు పెళ్ళయిన పదిహేనేళ్ళలో మా ఇంట్లో అందరం ఒకచోట కూర్చుని డబ్బు గురించి నోరు విప్పి మాట్లాడుకున్నది ఈ పుస్తకం కొన్నాకే. అందుకని ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు మా ఇల్లు ఎలాంటిదో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా ఆయనకి బండ్ల రిపేరు షెడ్డు ఉంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. అత్తకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను వస్తుంది. మరిది విశాఖలో మందుల కంపెనీలో పని చేస్తున్నాడు, నెలనెలా కొంత పంపుతాడు. ఇద్దరు పిల్లలు, పాపకి అప్పుడు పదమూడు, బాబుకి ఎనిమిది. షెడ్డు మీద వచ్చేది ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు, కోతలయ్యాక చేతిలో డబ్బున్నప్పుడే జనం బండి బాగు చేయించుకుంటారు, వానాకాలంలో షెడ్డు దగ్గర ఈగలు తోలుకోవడమే. నా కుట్టుపని పెళ్ళిళ్ళ సీజన్‌లో ఊపిరి ఆడదు, ఆషాఢంలో ఖాళీ. అంటే మా ఇంట్లో డబ్బు నాలుగు దిక్కుల నుంచి నాలుగు వేళల్లో వచ్చేది, ఎవరి చేతికి వచ్చింది వాళ్ళ చేతి మీదుగానే ఖర్చయిపోయేది. ఎవరూ దుబారా మనుషులు కాదు. అయినా నెలాఖరుకి టెన్షనే.

పుస్తకం కంటే ముందు వేరేవి వాడి చూశాం. మా ఆయన ఫోన్లో ఖర్చుల యాప్ ఒకటి వేశాడు. బ్యాంకు మెసేజీలు చూసి అదే లెక్క రాసుకుంటుంది అన్నారు. రాసుకుంది, కానీ మా ఇంట్లో సగం పైగా ఖర్చు చేతి డబ్బే కదా, అది దానికి ఎలా తెలుస్తుంది? పైగా ఆయన జేబులో ఉన్న ఫోన్లో ఏముందో నాకు తెలీదు, అత్తకి అసలే తెలీదు. తర్వాత ఒకసారి టౌన్లో కుటుంబ బడ్జెట్ మీద ఉచిత సదస్సు అని పిలిస్తే ఇద్దరం వెళ్ళాం, గంట గడిచేసరికి చేతిలో పాలసీ ఫారాలు పెట్టారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే నేను నిజంగా నేర్చుకుందామని నోట్‌బుక్కు పట్టుకుని వెళ్ళాను.

కిందటేడు ఉగాది మార్చి 30న పడింది. ఆ ముందు రోజు పాపకి స్కూలు నోట్‌బుక్కులు కొనడానికి వెళితే కొట్లో ఈ ఎర్ర పుస్తకాలు దొంతరగా పెట్టి ఉన్నాయి, కొత్త లెక్కల రోజులు కదా. ఒకటి తీసుకున్నాను. కొట్టు పెద్దాయన "మొదటి పేజీ వదిలెయ్యమ్మా, శ్రీ రాసుకోవాలి" అన్నారు. ఇంటికొచ్చి పండగ పూట పచ్చడి తిన్నాక అత్త చేత పసుపు బొట్టు పెట్టించి, మొదటి పేజీ నెత్తిన పాప శ్రీ రాసింది. రాసి, కింద ఉన్న ఖాళీ చూపించి, "అమ్మా, ఇక్కడేం రాద్దాం?" అంది. పండక్కి మరిది కూడా వచ్చి ఉన్నాడు. నేను ఏదో అనాలని, "మన ఇంట్లో డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి పెట్టకూడదు, అది రాద్దాం" అన్నాను. సుళువుగా అయిపోతుంది అనుకున్నాను. రాత్రి పదకొండు దాటింది.

ఎందుకంటే దేనికి పెట్టాలో రాయాలంటే ముందు ఎంత ఉందో, ఎంత అప్పుందో తెలియాలి కదా. మరిది అదే అడిగాడు, "వదినా, ముందు బాకీలు రాయండి, అవి రాయకుండా మిగతావి రాసి ఏం లాభం" అని. అప్పుడు నా గొంతు తడారిపోయింది. అంతకు నాలుగు నెలల క్రితం మా వీధి ఆడవాళ్ళతో కలిసి గ్రూపు లోన్ తీసుకున్నాను, 30,000, వారానికి 680 చొప్పున యాభై వారాలు కట్టాలి. అంటే 34,000. మా అమ్మ ఆపరేషన్ కోసం తీసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జాకెట్ల డబ్బుల్లోంచి ప్రతి మంగళవారం గుట్టుగా కట్టుకొస్తున్నాను, ఆ రోజు కూర తగ్గిస్తున్నాను. చెప్పేశాను. మా ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాకు చెప్తే వద్దంటానా" అన్నాడు. "మీరు వద్దనరు, కానీ మీ అమ్మకి చెప్తారు, మా అమ్మ ఖర్చు మీ ఇంట్లో మాట అవుతుంది" అన్నాను. అత్త అక్కడే కూర్చుని ఉంది. ఆమె ముందు ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

అప్పుడు ఆయన కూడా ఒకటి చెప్పాడు. షెడ్డు దగ్గర స్నేహితుడికి రెండేళ్ళ క్రితం 15,000 చేబదులు ఇచ్చాడట, కాగితం లేదు, అడగడానికి మొహమాటం. పాప వయసులో ఉన్న పిల్ల ముందు ఇవన్నీ మాట్లాడాలా అని నాకు ఒక పక్క అనిపిస్తోంది. కానీ అదే రాస్తోంది కదా, పెన్ను దాని చేతిలోనే ఉంది, తల ఎత్తకుండా రాస్తోంది.

అత్త లేచి వంటింట్లోకి వెళ్ళింది. నా మాటకి కోపం వచ్చిందేమో అనుకున్నాను. బియ్యం డబ్బా మూత చప్పుడైంది. చెయ్యి మోచేతి దాకా తెల్లగా బియ్యప్పిండి అంటుకుని, చిన్న గుడ్డమూట పట్టుకొచ్చింది. విప్పితే ఆరు నోట్లు, గులాబీ రంగు 2000 నోట్లు. పింఛనులో వందా రెండొందలూ మిగుల్చుకుని, రెండు వేలు చేరాక కొట్లో పెద్ద నోటుగా మార్పించుకుని దాచిందట, చిన్న నోట్లయితే మూట పెద్దదై కనపడిపోతుందని. "ఏటికత్తా ఇది?" అని అడిగాను. "నా దినాలకమ్మా. నాను పోతే కర్మ ఖర్చుకి మీరు అప్పు సెయ్యకూడదు. మీ మావ పోయినప్పుడు సేసిన అప్పు నాలుగేళ్ళు తీర్సినాం" అంది.

మా పుస్తకం మొదటి పేజీలో మొదటి వాక్యం ఆమెదే. పెళ్ళికైనా, చావుకైనా, పండక్కైనా ఈ ఇంట్లో అప్పు చెయ్యం. ఉన్నదాంట్లో చేస్తాం, లేకపోతే చిన్నగా చేస్తాం. ఆ వాక్యం ఇంకెవరు చెప్పినా అంత బరువుండేది కాదు.

ఆ నోట్ల సంగతి చెప్పాలి, ఇంకెవరి ఇంట్లోనైనా పెద్దవాళ్ళ దగ్గర ఉండొచ్చు. 2000 నోట్లు వెనక్కి తీసుకుంటున్నట్టు రిజర్వ్ బ్యాంకు 2023 మే 19న ప్రకటించింది, మామూలు బ్యాంకుల్లో ఇచ్చే గడువు ఆ ఏడాది అక్టోబరు 7తో అయిపోయింది. అత్తకి ఆ సంగతే తెలీదు, మేం చెప్పలేదు, ఆమె దగ్గర ఉన్నాయని మాకు తెలీదు కాబట్టి. అయినా నోటు చెల్లకుండా పోలేదు. రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసులు దేశంలో 19 ఉన్నాయి, మాకు దగ్గరిది భువనేశ్వర్. అక్కడికి వెళ్ళక్కర్లేదు, పోస్టులో పంపితే మన ఖాతాలో వేస్తారు. ఫారం నింపి, అత్త ఆధార్ కాపీ, పాస్‌బుక్కు కాపీ జతచేసి ఇన్సూర్డ్ పోస్టులో పంపాం. డబ్బు ఆమె ఖాతాలో పడింది. మెసేజ్ వచ్చిన రోజు చూపిస్తే ఆమె అంకె మీద వేలు పెట్టి రెండుసార్లు చదివించుకుంది. ఇంట్లో ఒకరితో ఒకరు చెప్పుకోకపోతే 12,000 బియ్యం డబ్బాలో అలాగే ఉండిపోయేవి.

ఇంక పుస్తకం గురించి.

కాగితం పరవాలేదు. బాల్ పెన్నుతో రాయండి, జెల్ పెన్ను అయితే వెనక పేజీలోకి దిగుతుంది. గీతలు స్పష్టంగా ఉన్నాయి, వరుసల మధ్య ఎడం బాగుంది, అత్త కళ్ళజోడు పెట్టుకుంటే చదవగలుగుతోంది. బైండింగ్ మాత్రం బాగాలేదు. అయిదో నెలకే నడుమ దగ్గర దారం వదిలేసింది, ఆ శ్రావణమాసంలోనే కలిపి కుట్టిన పేజీల కట్టలు రెండు ఊడి చేతికొచ్చాయి. నా దగ్గర సూదీ దారం ఉంటాయి కాబట్టి జీన్స్ కుట్టే దారంతో మళ్ళీ కుట్టాను. కొనగానే ఒకసారి మధ్య పేజీ తెరిచి కుట్టు ఎన్ని చోట్ల ఉందో చూసుకోండి, మూడు చోట్లే ఉంటే వద్దు, అయిదు ఉండాలి.

పేజీల నెత్తిన అచ్చు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. మా ఊరికి ఇది మామూలే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మా ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రవైపు ఉండిపోయింది, బండెక్కితే పావుగంట కూడా పట్టదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు. అత్తకి తెలుగు అక్షరాలు మాత్రమే వచ్చు. పాపకి ఒడియా చేయి తిరిగింది, తెలుగు మాట్లాడటం తప్ప రాయడం అంతంత మాత్రం. పుస్తకం ఏ భాషలో రాయాలి? మా ఆయన ఒడియాలో రాస్తే పిల్లలకి సులువు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో అందరి డబ్బూ ఉన్న పుస్తకం ఇంట్లో పెద్దావిడ చదవలేకపోతే ఇంకెందుకు? అంకెలు ఎలాగూ అందరికీ ఒకటే, మాటలు తెలుగులో రాద్దాం అన్నాం. మొదట్లో పాప కూరగాయలకి "పరిబా" అని ఒడియా మాటే తెలుగు అక్షరాల్లో రాసేది, నూనె రాయడానికి నన్ను మూడుసార్లు అడిగింది. రాత్రిళ్ళు మామ్మ పక్కన కూర్చుని ఆ రోజు పద్దులు పైకి చదివేది, మామ్మ తప్పులు దిద్దేది. ఇప్పుడు శుభలేఖలు గడగడా చదివేస్తోంది. పరిబా అన్న మాట మాత్రం మేం దిద్దలేదు, అది మా ఇంట్లో మాటే.

అసలు లోపం గడుల్లో ఉంది. తేదీ, వివరం, పేజీ నంబరు, మొత్తం, ఇవే అచ్చు వేస్తారు. వ్యాపారానికి చాలు. ఇంటికి ఇంకో గడి కావాలి, అది లేదు. స్కేలు పెట్టి ఎర్ర పెన్సిల్‌తో మేమే గీసుకున్నాం, నెత్తిన "ఎవరి కోసం" అని రాశాం. దేనికి ఖర్చు పెట్టామన్నది అందరూ రాసుకుంటారు. ఎవరి కోసం పెట్టామన్నది రాయండి ఒక మూడు నెలలు. మీ ఇల్లు మీకు వేరేగా కనపడుతుంది.

మాకు ఆషాఢంలో కనపడింది. పని తక్కువగా ఉంది కదా అని ఒక మధ్యాహ్నం కూర్చుని మూడు నెలలవి ఎవరివి వాళ్ళకి కూడి చూశాను. పిల్లలవి ఎక్కువ ఉంటాయని తెలుసు, ఉన్నాయి. మా ఆయన పేరు మీద పెట్రోలు, టీలు, ఒక జత చెప్పులు. "ఇల్లు" అని రాసినవి బియ్యం, గ్యాసు, కరెంటు. అత్త పేరు మీద మూడు నెలలకి కలిపి బీపీ మాత్రలు, ఒక కొబ్బరినూనె సీసా, అంతే. నా పేరు వెతికాను. ఒక్కటే పద్దు ఉంది, కళ్ళజోడు కాడ విరిగితే వేయించుకున్నది, 60 రూపాయలు. నాకు ఏడుపు వచ్చింది. నన్ను ఎవరూ ఏమీ కొనుక్కోవద్దనలేదు, నేనే కొనుక్కోలేదు, అయినా వచ్చింది. ఆ పేజీ మా ఆయనకి చూపించాను. ఆయన ఏమీ అనకుండా అటూ ఇటూ తిప్పి చూసి, పెన్ను తీసుకుని మొదటి పేజీలో కింద ఒక వాక్యం రాశాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రతి ఒక్కరికీ నెలకి చేతి ఖర్చు ఉంటుంది, దానికి లెక్క అడగకూడదు. ఆయనకి 500, నాకు 500, అత్తకి 300. పుస్తకంలో "చేతి ఖర్చు" అని మాత్రం రాస్తాం, వివరం రాయం. అత్త మొదట వద్దంది, ఇప్పుడు ఒకటో తేదీ రాగానే అడిగి మరీ తీసుకుంటోంది. దాంతో ఆమె ఏం చేస్తోందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

సుభద్ర డబ్బు విషయంలో కూడా ఇలాంటి మాటే అయింది. ఒడిశాలో ఉండేవాళ్ళకి తెలుసు, ఇది రాష్ట్ర ప్రభుత్వ పథకం, 2024 సెప్టెంబరులో మొదలైంది, 21 నుంచి 60 ఏళ్ళ లోపు అర్హత ఉన్న ఆడవాళ్ళకి ఏడాదికి 10,000, రాఖీ పున్నమికి 5,000, మహిళా దినోత్సవానికి 5,000, అలా అయిదేళ్ళలో 50,000. మొదటిసారి వచ్చినప్పుడు అది కరెంటు బిల్లులోనూ స్కూలు బ్యాగుల్లోనూ కలిసిపోయింది, ఎటు పోయిందో గుర్తు కూడా లేదు. పుస్తకం వచ్చాక మాత్రం ఎడమ పక్క జమలో రాసేటప్పుడు పాప ఆగి, "ఇది ఎవరి కోసం అని రాయాలి?" అంది. "ఇల్లు" అని రాయమన్నాను. మా ఆయన "కాదు, అమ్మ అని రాయి" అన్నాడు. అదీ ఇదీ దాచి సెకండ్ హ్యాండ్ పీకో మెషిన్ కొన్నాను. ఇదివరకు చీరల ఫాల్, పీకో బయటికి పంపేదాన్ని, ఇప్పుడు ఇంట్లోనే.

చదివింపుల దగ్గర బాగా గొడవ పడ్డాం, దాచను. మా వైపు పెళ్ళికి వెళితే వెయ్యీ రెండు వేలూ చదివించాలి, మన పెళ్ళిలో వాళ్ళు ఎంత చదివించారో పాత పుస్తకంలో చూసి అంతకి తగ్గకుండా పెట్టాలి. మాఘమాసంలో వారానికి మూడు శుభలేఖలు వస్తే ఏం చేస్తాం? నేను అందరికీ ఒకటే అంకె, 500, దాటకూడదు అన్నాను. అత్త ఒప్పుకోలేదు. మన కష్టంలో చెయ్యి వేసినవాళ్ళనీ, మొహం చూపించి పోయినవాళ్ళనీ ఒకే గాట కడతావా అంది. ఆమె మాటే నిజం అనిపించింది. చివరికి ఏడాది మొత్తానికి చదివింపులకి ఇంత అని ఒక అంకె వేసుకున్నాం, అందులో ఎవరికి ఎంత అన్నది అత్త చూస్తుంది. అంకె అయిపోతే మనిషి వెళ్ళి అక్షింతలు వేసి వస్తాం. ఆడపడుచుకి సంక్రాంతికి పెట్టేది మాత్రం ఈ అంకెలోకి రాదు, అది తగ్గదు. మా ఆయన, మరిది, నేను ముగ్గురం ఆ విషయంలో ఒకటే మాట. పుట్టింటి చీర ఖరీదు గురించి కాదు కదా ఆడపిల్ల ఎదురుచూసేది.

చేబదులు సంగతి తొందరగానే తేలింది. రెండు వేలు దాటి ఎవరికి ఇచ్చినా ముందు ఇంట్లో చెప్పాలి, పుస్తకంలో తీసుకున్నవాళ్ళ పేరు రాయాలి. మా ఆయన పుస్తకం సాకు పెట్టుకుని స్నేహితుణ్ణి అడిగాడు, "ఇంట్లో రాసేశారురా" అని. నెలకి వెయ్యి చొప్పున ఇస్తున్నాడు. మొహమాటం ఉన్న మనుషులకి ఈ పుస్తకం నిజంగా ఉపయోగం. నా గ్రూపు లోన్ కార్తీకంలో తీరిపోయింది, చివరి వారం కిస్తీ మా ఆయనే వచ్చి కట్టాడు.

పాపది ఒక వాక్యం ఉంది. మనకి ఎంత వస్తోందో నాకు కూడా చెప్పాలి. మొదట నాకు నచ్చలేదు, చిన్నపిల్లకి ఎందుకు ఈ భారం అనుకున్నాను. కానీ అది పోస్టాఫీసు పాస్‌బుక్కులు కూడా బయటికి తీసి చూసింది, చూడబట్టి ఒక విషయం బయటపడింది. దాని పేరు మీద 2016లో సుకన్య ఖాతా, ఆడపిల్లల పేరు మీద వేసే పొదుపు ఖాతా, తెరిచాం. ఏడాదికి కనీసం 250 వెయ్యాలి, ఒక ఏడాది మేం అసలు వెయ్యలేదు. ఖాతా ఆగిపోయినట్టు లెక్క. పోస్టాఫీసుకి వెళ్ళి ఆ ఏడాది 250, జరిమానా 50 కట్టి మళ్ళీ తెరిపించాం. తెరిచిన దగ్గర్నుంచి పదిహేనేళ్ళు కట్టాలి, తెరిచిన ఇరవై ఒక్క ఏళ్ళకి చేతికొస్తుంది, పిల్లకి పద్దెనిమిది నిండినా పది పాసైనా పై చదువుకి సగం దాకా తీసుకోవచ్చు. పాపకి ఇవన్నీ ఇప్పుడు నాకంటే బాగా తెలుసు. కొత్త ఫోన్ కావాలని అంతకుముందు రోజూ అడిగేది. ఇప్పుడూ అడుగుతుంది, కానీ షెడ్డు మీద ఎంత వచ్చిందో చూసి మంచి నెలలో అడుగుతుంది. బాబు ఇంకా చిన్నవాడు, వాడి వాక్యం "నాకు గాలిపటం" అని ఉంది, అలాగే ఉంచాం.

మరిది మాత్రం మొదటి పేజీలో సంతకం పెట్టలేదు. "నేను పంపేది రాసుకోండి, నా జీతంలో మిగతాది నా ఇష్టం" అన్నాడు. మా ఆయనకి కోపం వచ్చింది, రెండు రోజులు మాటల్లేవు. వాడికి పెళ్ళి కాలేదు, వాడి జీతం వాడిదే, ఆ మాట తప్పని నేను అనను. నా భయం వేరు. పండగ మూడు రోజులూ ఫోన్లో షేర్ మార్కెట్ ఆప్షన్ల ట్రేడింగ్ చూస్తూనే ఉన్నాడు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో డబ్బు పెట్టిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది మూడేళ్ళలో నష్టపోయారని షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీయే 2024లో లెక్క తీసి చెప్పింది. వాడికి ఆ వార్త పంపించాను. చూశాడు, జవాబు ఇవ్వలేదు. పుస్తకం అన్నీ తేల్చదు, ఒప్పుకోని మనిషిని కూర్చోబెట్టి రాయించలేం, రాయించకూడదు కూడా. ప్రతి నెలా వాడు పంపింది జమలో రాసి, "అందింది నాయనా" అని ఫోన్ చేసి చెబుతున్నాను. ఇంతకుముందు అది కూడా చెప్పేదాన్ని కాదు.

ఎవరు కొనొచ్చు అంటే, ఇంట్లో ఇద్దరు ముగ్గురి సంపాదన ఉండి, చేతి డబ్బు ఎక్కువగా తిరిగే ఇళ్ళకి ఇది యాప్ కంటే బాగా పనికొస్తుంది. దాన్ని బీరువాలో పెట్టకండి. మాది వంటింటి గుమ్మం పక్క మేకుకి తాడు కట్టి వేలాడుతుంది, పెన్ను కూడా తాడుకే. ఎవరు ఖర్చు పెడితే వాళ్ళే రాయాలి, రాయలేకపోతే చెప్పి రాయించాలి. ఒక్కళ్ళే కూర్చుని అందరిదీ రాస్తే నెల తిరక్కుండా ఆగిపోతుంది, మా పక్కింటివాళ్ళది అలాగే ఆగింది. ఇంకోటి, భార్య ఏం కొన్నదో తనిఖీ చెయ్యడానికి కొనాలనుకునే మగవాళ్ళు దయచేసి కొనకండి. ఆ ఇంట్లో ఇది ఇంకో పోలీసు అవుతుంది, ఆమె దాచుకోవడం ఇంకా నేర్చుకుంటుంది. నేను దాచిన దాన్ని కాబట్టి చెబుతున్నాను.

జీఎస్టీ కట్టే వ్యాపారం ఉన్నవాళ్ళు షాపు లెక్క వేరే పుస్తకంలో పెట్టుకోండి, మేం షెడ్డు సామాన్ల ఖర్చు రెండు నెలలు ఇందులోనే కలిపి రాసి చిక్కుల్లో పడ్డాం. ఇప్పుడు షెడ్డుకి వేరే చిన్న నోట్‌బుక్కు, ఇంటికి తెచ్చిందే ఇందులోకి వస్తుంది.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి బైండింగుకి తగ్గించాను.

మొన్న మార్చి 19న ఉగాదికి రెండో పుస్తకం కొన్నాం. ఈసారి 200 తీసుకున్నారు. అయిదు కుట్లు ఉన్నది ఏరి తెచ్చుకున్నాను. మొదటి పేజీ పాప తన చేత్తో మళ్ళీ రాసింది, మామ్మ వాక్యం మొదట, తర్వాత చేతి ఖర్చుది, చదివింపులది, గాలిపటంది కూడా. కింద సంతకాల దగ్గర బాబాయి పేరు రాసి పక్కన గీత గీసి ఖాళీగా ఉంచింది. పాత పుస్తకం అట్టుక మీద పెట్టాం. మా ఊరికి వచ్చినవాళ్ళు పాత బజారులో పుస్తకాల కొట్లో ఎర్ర అట్ట చిట్టా పుస్తకం అని అడగండి, ఇస్తారు. "ఎవరి కోసం" గడి మాత్రం ఇంటికొచ్చాక మీరే గీసుకోవాలి.